గాలం కబుర్లు: ఎండాకాలం చేప ఎంత లోతులో ఉంటుంది?

ప్రశ్న: అన్నా, ఎండలు ముదిరితే చేపలన్నీ చల్లదనం కోసం అడుక్కి పోతాయని అందరూ అంటుంటే విని, మేము ముగ్గురం పెద్ద రిజర్వాయర్ మధ్యలోకి పడవ తీసుకెళ్లి 15 మీటర్ల లోతులో అడుగుకి ఆనేలా ఎర వదిలాం. పొద్దున్నించి సాయంత్రం దాకా లైన్ కదిలితే ఒట్టు. ఎర మార్చాం, హుక్ సైజు మార్చాం, ఇంకేం మార్చాలి?

జవాబు: లోతు మార్చండి బ్రదర్. ఎర తప్పేం లేదు, మీరు వదిలిన చోట దాన్ని తినేవాళ్ళే లేరు అంతే. చేపలు కిందకి దిగుతాయన్న మాట సగమే నిజం, ఆ మిగతా సగం ఎవరూ చెప్పరు.

ఎండకి పైనీళ్ళు వేడెక్కి తేలికవుతాయి కదా, అవి కింద చల్లటి నీళ్ళతో కలవకుండా నీళ్ళ మీద నూనెలా పైపైనే ఉండిపోతాయి. పైన వెచ్చటి పొర, అడుగున చల్లటి పొర, రెండింటి మధ్యలో టెంపరేచర్ గబుక్కున పడిపోయే ఒక సన్నటి పొర, దీన్నే థర్మోక్లైన్ అంటారు. మీటరు దిగితే ఒక డిగ్రీ, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తగ్గుతుంది. పైకీ కిందకీ తేడా నాలుగైదు డిగ్రీలే కదా అనుకోకండి, 30 డిగ్రీల దగ్గర ఒక్క డిగ్రీ మారితే నీటి బరువులో వచ్చే తేడా, 10 డిగ్రీల దగ్గర వచ్చేదానికి దాదాపు మూడు రెట్లుంటుంది, అందుకే వేడి నీళ్ళలో కొద్ది తేడాకే పొరలు గట్టిగా విడిపోతాయి.

ఇప్పుడు అసలు సంగతి. గాలి తగిలేది పైపొరకే, అడుగుపొరకి కొత్తగా ఆక్సిజన్ అందే దారి మూసుకుపోయినట్టే. పైనుంచి రాలిన నాచు, ఆకులు, చచ్చిన పురుగులు అన్నీ అక్కడే కుళ్ళుతూ ఉన్న కాస్త ఆక్సిజన్‌ని కూడా తినేస్తాయి. లీటరు నీళ్ళలో 5 మిల్లీగ్రాములుంటే చేప హాయిగా తిరుగుతుంది, 2కి పడిపోతే చాలా రకాలు అక్కడ నిలవవు. బాగా లోతైన, తేటగా ఉండే సరస్సుల్లో అడుగున కూడా ఆక్సిజన్ మిగులుతుంది, అది వేరే లెక్క. పచ్చగా, పాచిగా ఉండే నీళ్ళలో మాత్రం ఎండాకాలం నడిమధ్యకి వచ్చేసరికి అడుగు చల్లగా ఉన్నా ఊపిరాడని చోటు. మీ ముగ్గురూ సాయంత్రం దాకా ఎర వేలాడదీసింది అక్కడే.

చేప ఏం చేస్తుందంటే పైన మరీ వేడి, కింద గాలి లేదు కాబట్టి థర్మోక్లైన్‌కి కాస్త పైన సర్దుకుంటుంది. ఆ లోతు ప్రతి సరస్సుకీ వేరు, నీళ్ళు తేటగా ఉంటే కిందకి, మురికిగా ఉంటే పైకి ఉంటుంది. ఫిష్ ఫైండర్ (నీళ్ళలోకి శబ్దం పంపి కింద ఏముందో స్క్రీన్ మీద చూపే పరికరం) ఉంటే సెన్సిటివిటీ పెంచి చూడండి, స్క్రీన్ మీద అడ్డంగా మసగ్గా ఒక పట్టీ లాగా కనిపిస్తుంది. లేకపోతే ఒక సీసాకి బరువు కట్టి, బిరడా పెట్టి, బిరడాకి ఇంకో తాడు కట్టి దించండి, కావలసిన లోతులో ఆ తాడు గుంజితే సీసా అక్కడి నీళ్ళతో నిండుతుంది, పైకి లాగగానే థర్మామీటర్ పెట్టేయండి. మీటరు మీటరుకీ చూస్తూ పోతే ఎక్కడ ఠక్కున చల్లబడిందో తెలిసిపోతుంది, ఎర దానికి ఒక మీటరు పైనే ఆపండి. లేదూ ఇదంతా మా వల్ల కాదంటే, ముగ్గురున్నారు కదా, తలా ఒక లోతులో వేసి ఎవరికి పడితే మిగతా ఇద్దరూ అక్కడికి మార్చుకోండి. నాకైతే ఇదే ఇష్టం.

ప్రశ్న: మా ఆయన సెలవు రోజు తీరిగ్గా పదింటికి లేచి, మిట్టమధ్యాహ్నం గాలం పట్టుకుని బయల్దేరతారు, ఖాళీ బుట్టతో వచ్చి చేపలే లేవంటారు. నిజమేనా అన్నయ్యా?

జవాబు: చేపలున్నాయమ్మా, ఆ టైముకి ఆకలే లేదు. నీళ్ళు వేడెక్కేకొద్దీ చేపకి ఆక్సిజన్ ఎక్కువ కావాలి, నీళ్ళలో పట్టేదేమో తగ్గుతుంది, 20 డిగ్రీల దగ్గర లీటరుకి 9 మిల్లీగ్రాములు పట్టేవి 30 దగ్గర ఏడున్నరే పడతాయి. తిన్నది అరగడానికి కూడా ఆక్సిజన్ ఖర్చే కాబట్టి మధ్యాహ్నం నీడ చూసుకుని కదలకుండా ఉంటుంది. సాయంత్రం చివరి గంట, చీకటి పడ్డాక ఇంకో గంట, జెల్లలకైతే రాత్రంతా పర్లేదు. లేదంటే తెల్లవారుజామునే అలారం పెట్టి లేపండి.

ప్రశ్న: తెల్లవారుజాము బెస్ట్ అని వెళ్తే నీళ్ళు పచ్చగా ఉన్న మూలలో చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి గానీ ఎర ముట్టలేదు, ఎందుకు?

జవాబు: అది మేత కోసం కాదు, ఊపిరి కోసం. నాచు పగలు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి అదే వాడేసుకుంటుంది, దాంతో సూర్యోదయానికి ముందు అక్కడ మరీ తక్కువ ఉంటుంది. అలాంటి మూలల్లో ఎండ వచ్చి ఒకట్రెండు గంటలయ్యాక వేయండి, తెల్లవారుజామున మాత్రం తేట నీళ్ళకి పోండి. కొర్రమీను మామూలుగానే పైకొచ్చి గాలి మింగుతుంది, దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు.

ప్రశ్న: గాలి ఏ వైపు ఉంటే ఏ ఒడ్డున కూర్చోవాలి?

జవాబు: గాలి ఎటు కొడుతోందో ఆ ఒడ్డునే, అంటే మీ మొహానికి గాలి తగలాలి. ఒకటి రెండు రోజులు ఒకే వైపు కొడితే పైనీళ్ళు, వాటితో పాటు సన్నటి మేత, దాని వెనక చిన్న చేప, దాని వెనక పెద్ద చేప అన్నీ అటే చేరతాయి, అలలకి గాలి కూడా బాగా కలుస్తుంది. అవతలి ఒడ్డున ఏమో అడుగు నీళ్ళు పైకి లేస్తాయి, ఎండాకాలం అది అంత మంచిది కాదు. విసరడం కష్టమే, లైన్ వెనక్కి వస్తుంది, కాస్త బరువైన సీసం కట్టుకోండి. పడవలో ఉంటే మాత్రం ఆ ఒడ్డుకి పోవద్దు, పెద్ద సరస్సులో అలలు చెప్పి రావు, లైఫ్ జాకెట్ వేసుకోవాల్సిందే.

ప్రశ్న: చిన్న చేపలు పడితే వదిలేస్తున్నా, కానీ కాసేపటికి తేలిపోతున్నాయి పాపం.

జవాబు: వేడి నీళ్ళలో పెనుగులాడితే చేప తేరుకోవడం కష్టం. ఎక్కువసేపు ఆడించకండి, చేతులు తడుపుకునే పట్టుకోండి, వీలైతే నీళ్ళలోనే హుక్ తీసేయండి, ఫోటోల కోసం గాల్లో వేలాడదీయొద్దు. మరీ వేడిగా ఉన్న మధ్యాహ్నాలు, వదిలేద్దామనే ఉద్దేశంతో అసలు గాలమే వేయకండి.

ప్రశ్న: ఉరుము వర్షం వచ్చే ముందు చేపలు బాగా పడతాయట, కూర్చోవచ్చా?

జవాబు: వద్దు. కార్బన్ రాడ్‌లో కరెంటు సులువుగా పారుతుంది, చుట్టూ ఎత్తైంది మీరొక్కరే ఉంటారు. ఉరుము వినపడగానే రాడ్ కింద పెట్టి ఒడ్డెక్కి లోపలికి పోండి, చివరి ఉరుము అయ్యాక అరగంట ఆగండి. వాన తగ్గాక వాగు సరస్సులో కలిసే చోటికి వెళ్ళండి, కొత్త నీళ్ళు చల్లగా పురుగునీ పుట్రనీ మోసుకొస్తాయి, వానపాము గుచ్చి వేస్తే చాలు.