చెక్ డిజిట్ సరిపోయినా కంటైనర్ నంబర్ తప్పు ఎలా అవుతుంది?

గుణుపూర్ నుంచి మీరు అడిగింది ఇదీ: ఎక్సెల్‌లో కంటైనర్ నంబర్‌కు చెక్ డిజిట్ (చివర ఉండే తనిఖీ అంకె) ఫార్ములా పెట్టుకున్నాం, అది ఓకే అంది, అయినా విశాఖలో గేటు దగ్గర నంబర్ తప్పని బండి ఆపేశారు, మా ఫార్ములాలో లోపం ఉందా అని. ఫార్ములా బాగానే ఉండొచ్చండీ. రాయగడలో ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పనిచేస్తూ నేనూ ఒకసారి సరిగ్గా ఇందులోనే పడ్డాను, ట్రైలర్ రాత్రంతా రోడ్డు పక్కనే ఉండిపోయింది, వెయిటింగ్ చార్జి మా మీదే పడింది.

జరిగిందేమిటంటే, డ్రైవరు ఫోన్‌లో నంబర్ చెప్పాడు, ఓనర్ కోడ్‌లో (కంటైనర్ ఎవరిదో చెప్పే మొదటి అక్షరాలు) రెండో అక్షరం నాకు 'బీ' అని వినపడింది, అదే కొట్టాను. అసలు అది 'వీ'. ఆయన బరంపురం వైపు మనిషి, ఒడియా వాళ్లలో చాలామందికి వ, బ పలకడంలో పెద్ద తేడా ఉండదు కదా, ఆయన తన వరకు సరిగ్గానే చెప్పాడు, మళ్లీ అడగకపోవడం నాదే తప్పు. షీట్‌లో పచ్చరంగు వచ్చేసింది కాబట్టి ఇంక టెన్షన్ లేదనుకుని సీహెచ్ఏకి (కస్టమ్స్ పని చూసే ఏజెంటుకి) పంపేశాను.

పచ్చరంగు ఎందుకొచ్చిందో తర్వాత కూర్చుని లెక్క వేస్తే తెలిసింది. కంటైనర్ నంబర్‌లో మూడు అక్షరాల ఓనర్ కోడ్, తర్వాత మామూలుగా 'యూ', ఆరు అంకెల సీరియల్, చివర చెక్ డిజిట్, మొత్తం 11. కంటైనర్ నంబర్లకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6346 ప్రకారం 'ఏ'కి 10, 'బీ'కి 12, అలా పెరుగుతూ 'జెడ్'కి 38, మధ్యలో 11, 22, 33 వదిలేస్తారు. మొదటి పది స్థానాలను వరుసగా 1, 2, 4, 8 అంటూ 512 దాకా గుణించి, అన్నీ కలిపి, 11తో భాగిస్తే మిగిలేదే చెక్ డిజిట్. సీఎస్‌క్యూయూ 305438 తీసుకోండి: మొత్తం 6185, శేషం 3, కాబట్టి చివర 3 ఉండాలి.

ఇప్పుడు ఆ 'క్యూ' తీసేసి 'జీ' పెట్టి చూడండి. 6141 వస్తుంది, శేషం మళ్లీ 3! 'క్యూ' విలువ 28, 'జీ' విలువ 17, తేడా 11. భాగించేదే 11తో కాబట్టి దేనితో గుణించినా ఆ తేడా శేషంలో కనపడదు. అలాగే 'బీ' 12, 'ఎల్' 23, 'వీ' 34, మూడూ ఒకటే. 'ఎం', 'డబ్ల్యూ' ఒకటే, 'హెచ్', 'ఆర్' ఒకటే, 'ఐ', 'ఎస్' కూడా. అంకెల్లో ఒకటి తప్పు పడినా, పక్కపక్క అంకెలు రెండు తారుమారైనా ఈ లెక్క దాదాపు ఎప్పుడూ పట్టేస్తుంది, అక్షరాల దగ్గరే దానికి ఈ కన్ను లేదు. (శేషం 10 వస్తే 0 రాస్తారు, అక్కడ ఇంకో చిన్న సందు ఉంది, కానీ ఆ శేషం వచ్చే సీరియల్స్ వాడొద్దనే ఓనర్లకు సలహా ఉంది.)

అందుకని రెండో తనిఖీ పెట్టండి. ఓనర్ కోడ్‌లను రిజిస్టర్ చేసేది పారిస్‌లోని బీఐసీ అనే సంస్థ, వాళ్ల సైట్‌లో కోడ్ కొడితే ఎవరిదో చూపిస్తుంది. మన దగ్గరికి వచ్చే కోడ్‌లు తిప్పికొడితే కొన్ని పదులు ఉంటాయేమో, అవి ఒక షీట్‌లో రాసుకుని వీలుకప్ (VLOOKUP, జాబితాలో వెతికే ఫార్ములా) పెట్టండి, అందులో లేని కోడ్ వస్తే ఎర్రరంగు. నా తప్పు దీనితో అక్కడికక్కడే దొరికేది. పైథాన్ తెలిసిన కుర్రాళ్లు ఎవరైనా ఉంటే స్టడ్‌నమ్ (stdnum) లైబ్రరీలో ఐఎస్ఓ 6346 తనిఖీ రెడీగా ఉంది, కానీ అదీ చెక్ డిజిటే చూస్తుంది, కోడ్ ఎవరిదో చెప్పదు.

ఎక్సెల్‌లో ఇంకో రెండు చోట్ల జాగ్రత్త. సీరియల్ కాలమ్ టెక్స్ట్‌గా ఉంచకపోతే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. అక్షరాల విలువలకు అడ్డదారిలో వరుస నంబర్లు వేయకండి, నేను మొదట 'బీ'కి 11 వేసి, సరైన నంబర్లన్నీ తప్పంటోందని వారం రోజులు షీట్‌ను తిట్టుకున్నాను.

అన్నిటికంటే మేలు, తలుపుల ఫోటో అడగడం. కుడి తలుపు మీద నంబరు, చెక్ డిజిట్ చుట్టూ చిన్న చదరపు గీత, కింద 22జీ1 లాంటి సైజు కోడ్, టేర్ బరువు (ఖాళీ కంటైనర్ బరువు) అన్నీ ఒకేసారి వస్తాయి. ఆ సైజు కోడ్‌ను మాత్రం లెక్కలో కలపకండి. ఆ గీత చూసి కొందరు డ్రైవర్లు అదేదో వేరే గుర్తనుకుని పది అక్షరాలే చెప్తారు, అప్పుడు మీరే లెక్కేసి చివరి అంకె పెట్టేయకండి, అలా పెడితే ఇంక తనిఖీ చేయడానికి ఏం మిగులుతుంది?

సిగ్నల్ లేక ఫోటో రాకపోతే మేం దారిలో ఊళ్ల పేర్లతో చెప్పించుకుంటున్నాం: బీ అంటే బొబ్బిలి, వీ అంటే విజయనగరం, పీ అంటే పార్వతీపురం, జీ అంటే మీ గుణుపూరే. క్యూకి మాత్రం ఊరు దొరకలేదు, మీకేదైనా తెలిస్తే చెప్పండి.