ప్రతిపక్ష ఎంపీ పనిని ఎక్కడ వెతకాలి?

ప్రతిపక్ష ఎంపీ ఒకరి మీద వ్యాసం రాయాలి, లోక్‌సభ ప్రసంగాల వీడియోలు నాలుగైదే దొరికాయి, అంటే ఆయన పని చేయనట్టేనా అని అడిగారు కదా. అప్పుడే తేల్చేయకండి. చర్చల్లో సమయం పార్టీ బలాన్ని బట్టి పంచుతారు. చిన్న పార్టీ సభ్యుడికి పెద్ద బిల్లు మీద కూడా కొద్ది నిమిషాలే దక్కుతాయి.

ముందు ప్రశ్నలు చూడండి. పార్లమెంటు వాళ్ల డిజిటల్ సంసద్ సైట్‌లో సభ్యుడి పేరుతో వెతకొచ్చు. నక్షత్ర గుర్తు ఉన్నవాటికి మంత్రి సభలోనే జవాబు చెప్పాలి, వాటిపై అనుబంధ ప్రశ్నలూ వేయొచ్చు. మిగతావాటికి రాతపూర్వక జవాబే. రోజుకు 20 నక్షత్ర ప్రశ్నలే జాబితాకెక్కుతాయి, అదీ లాటరీలో. అందుకే సంఖ్య తక్కువని తీసిపారేయలేం. నన్నడిగితే లెక్కకన్నా ఆ జవాబులు చదవడం మేలు. ఒకే విషయాన్ని పట్టుకుని సెషన్ తర్వాత సెషన్ అడిగారా, లేక తలో శాఖకూ ఒకటి విసిరారా అన్నది అక్కడే తెలుస్తుంది (రెండో రకమే ఎక్కువ లెండి).

ప్రశ్నల సమయం అయ్యాక వచ్చే జీరో అవర్‌లో, లోక్‌సభ 377 నిబంధన కింద లేవనెత్తినవి విడిగా వెతకాలి. నియోజకవర్గం గోడు ఎక్కువగా అక్కడే ఉంటుంది.

ప్రైవేటు బిల్లు (మంత్రి కాని సభ్యుడు పెట్టేది) నెగ్గలేదని మార్కులు తగ్గించొద్దు. 1970 తర్వాత అలాంటిది ఒక్కటీ చట్టం కాలేదు. బిల్లులు, శాఖల పని పరిశీలించే ఎంపీల స్థాయీ సంఘాల సమావేశాలు బయటికి కనపడవు కాబట్టి, నివేదికలో ఆయన అసమ్మతి పత్రం ఉందేమో చూడండి.

హాజరు లెక్కలు పార్లమెంటు పనిని గమనించే పరిశోధన సంస్థ పీఆర్‌ఎస్ ఇస్తుంది. అయితే ప్రతిపక్ష నేత రిజిస్టర్‌లో సంతకం చేయనక్కర్లేదు, ఆ గడి ఖాళీగా ఉంటే గైర్హాజరని రాసేయకండి.