ప్రింట్ తీసిన కాగితం ఏ ఫైల్‌దో తెలియాలంటే

స్ప్రెడ్‌షీట్ల గురించి ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం హెడర్ (పేజీ పైన పడే వరుస), ఫుటర్ (పేజీ అడుగున పడే వరుస) చుట్టూనే ఉన్నాయి.

ప్రశ్న: ఎక్సెల్‌లో ఒకే రిపోర్టు కాపీలు వేర్వేరు ఫోల్డర్లలో ఉంటున్నాయి. ప్రింట్ చూస్తే ఏది ఎక్కడిదో తెలియడం లేదు. ప్రతి పేజీ అడుగున ఫోల్డర్‌తో సహా ఫైల్ పేరు దానంతటదే పడేలా చేయవచ్చా?

జవాబు: చేయవచ్చండి. పేజ్ లేఅవుట్ ట్యాబ్‌లో, పేజ్ సెటప్ గ్రూపు కుడి మూలన ఉన్న చిన్న బాణాన్ని నొక్కండి. వచ్చిన పెట్టెలో హెడర్/ఫుటర్ ట్యాబ్ తెరిచి కస్టమ్ ఫుటర్ నొక్కితే ఎడమ, మధ్య, కుడి అని మూడు గడులు కనిపిస్తాయి. ఎడమ గడిలో క్లిక్ చేసి, పైన ఉన్న బటన్లలో ఫోల్డర్ బొమ్మ ఉన్న ఫైల్ పాత్ బటన్ నొక్కండి. పాత్‌కు (ఫైల్ ఉన్న ఫోల్డర్ చిరునామాకు) ఒకటి, ఫైల్ పేరుకు ఒకటి, రెండు కోడ్‌లూ కలిసే వస్తాయి. ప్రింట్‌లో ఈ కోడ్‌ల చోట అసలు పేర్లు పడతాయి. అందుకే దాని పక్కనే మళ్లీ ఫైల్ నేమ్ బటన్ నొక్కితే పేరు రెండుసార్లు అచ్చవుతుంది. ఫైల్‌ను మరో పేరుతోనో మరో ఫోల్డర్‌లోనో సేవ్ చేస్తే ఫుటర్ కూడా మారుతుంది. ఇంకా ఒక్కసారీ సేవ్ చేయని కొత్త ఫైల్‌కు పాత్ ఉండదు, తాత్కాలిక పేరే కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ వన్‌డ్రైవ్‌లో ఉన్న ఫైల్ అయితే ఫోల్డర్ పేర్ల బదులు వెబ్ చిరునామా పడుతుంది, అది చాలా పొడుగు.

ఇబ్బంది అంతా ఆ పొడుగుతోనే. మూడు గడులకూ మధ్య గోడలేమీ లేవు. ఎడమ గడిలోని పెద్ద పాత్ మధ్య గడిలోని అక్షరాల మీదకు ఎక్కేస్తుంది. మధ్య గడిని ఖాళీగా వదిలేసి, పేజీ నంబరును కుడి గడిలో పెట్టండి. పాత్ కోడ్‌ను సెలెక్ట్ చేసి, ఫాంట్ బటన్‌తో సైజును 8కి తగ్గించండి. ఎక్సెల్ మామూలుగా ఇచ్చే కింది మార్జిన్ 0.75 అంగుళం, ఫుటర్ మార్జిన్ 0.3 అంగుళం. ఈ రెండింటి మధ్య 0.45 అంగుళంలో 8 సైజు వరుసలు మూడు బొటాబొటిగా పడతాయి. అంతకు మించితే మార్జిన్ పెంచాలి, లేదంటే ఫుటర్ పట్టిక మీదకు వచ్చేస్తుంది. షీట్‌ను ఒకే పేజీకి కుదించి ప్రింట్ తీసే అలవాటుంటే, అదే పెట్టెలోని ‘స్కేల్ విత్ డాక్యుమెంట్’ టిక్ తీసేయండి. లేకపోతే పట్టికతో పాటు ఫుటర్ కూడా చీమ తలకాయంత అవుతుంది.

ఇన్సర్ట్ ట్యాబ్ నుంచి కూడా హెడర్ పెట్టవచ్చు కానీ, ఆ దారిలో ఎక్సెల్ పేజ్ లేఅవుట్ వ్యూలోకి మారుతుంది. ఫ్రీజ్ పేన్స్ (స్క్రోల్ చేసినా కొన్ని వరుసలు కదలకుండా ఉంచే ఏర్పాటు) పెట్టి ఉంటే అవి తొలగిపోతాయి. పైన చెప్పిన దారే మేలు.

ప్రశ్న: నా ఫైల్‌లో చాలా షీట్లు ఉన్నాయి. ఒక్కో దానికీ విడిగా పెట్టాలా?

జవాబు: అక్కర్లేదు. ఏదో ఒక షీట్ ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేసి ‘సెలెక్ట్ ఆల్ షీట్స్’ ఎంచుకుని, పేజ్ సెటప్‌లో ఫుటర్ పెట్టండి. ఫైల్ పేరుకు తోడు షీట్ నేమ్ బటన్ కూడా నొక్కితే ప్రతి పేజీలో దాని షీట్ పేరే పడుతుంది. పని కాగానే మళ్లీ రైట్ క్లిక్ చేసి ‘అన్‌గ్రూప్ షీట్స్’ నొక్కడం మరవకండి. గ్రూపులో ఉండగా ఒక సెల్‌లో టైప్ చేసినది అన్ని షీట్లలోనూ అదే సెల్‌లో పడి, అక్కడున్న అంకెలను చెరిపేస్తుంది.

ప్రశ్న: ఫుటర్‌లో తేదీ పెట్టాను. పాత ఫైల్ తెరిచి ప్రింట్ తీస్తే ఇవాళ్టి తేదీ వస్తోంది. ఫైల్ చివరిసారి సేవ్ చేసిన తేదీ రావాలంటే?

జవాబు: డేట్ బటన్ ఇచ్చేది ప్రింట్ తీసిన రోజు తేదీని. ఏడాది కిందటి లెక్కల మీద ఇవాళ్టి తేదీ పడితే చదివేవాళ్లు పొరబడతారు. కనీసం ముందు ‘ప్రింట్ తేదీ’ అని టైప్ చేసి ఉంచండి. తేదీ మారకూడదంటే బటన్ వాడకుండా చేత్తో టైప్ చేయాలి.

సేవ్ చేసిన తేదీకి ఎక్సెల్‌లో బటన్ లేదు. రచయిత పేరుకూ లేదు. సెల్‌లోని విలువను నేరుగా ఫుటర్‌లోకి లింక్ చేయడమూ కుదరదు. వీటికి మాక్రో, అంటే ఎక్సెల్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్, రాయాలి. వర్క్‌బుక్ (ఎక్సెల్ ఫైల్) ‘బిఫోర్ ప్రింట్’ ఈవెంట్‌లో, అంటే ప్రింట్‌కు ముందు దానంతటదే నడిచే చోట, ఫైల్ ప్రాపర్టీల నుంచి ‘లాస్ట్ సేవ్ టైమ్’ చదివి ఫుటర్‌లో రాయించాలి. ఇక్కడొక మెలిక ఉంది. కోడ్‌లో ఫాంట్ సైజు 8 అని రాసి, వెంటనే 12తో మొదలయ్యే తేదీని అతికిస్తే ఎక్సెల్ ఆ సైజును 812గా చదువుతుంది. మధ్యలో ఒక ఖాళీ తప్పనిసరి. ఫైల్‌ను మాక్రోలు ఉండే రకంగా సేవ్ చేయాలి. అవతలివారు మాక్రోలను ఆపేసి ఉంటే ఫుటర్‌లో పాత తేదీయే మిగులుతుంది.

ప్రశ్న: హెడర్‌లో సంస్థ పేరు రాస్తే అందులోని & గుర్తు కనిపించడం లేదు.

జవాబు: ఎక్సెల్ హెడర్‌లో ఆ గుర్తుతోనే కోడ్‌లు మొదలవుతాయి. అందుకే దాన్ని అక్షరంగా కాక ఆదేశంగా చదువుకుంటుంది. && అని రెండుసార్లు టైప్ చేయండి, ఒకటి అచ్చవుతుంది.

ప్రశ్న: లిబ్రే ఆఫీస్, గూగుల్ షీట్స్‌లో ఇవే పనులు ఎలా?

జవాబు: లిబ్రే ఆఫీస్ క్యాల్క్‌లో ఇన్సర్ట్ మెనూ నుంచి హెడర్స్ అండ్ ఫుటర్స్ తెరవండి. ఫైల్ బటన్‌ను నొక్కి పట్టుకుంటే టైటిల్, ఫైల్ పేరు, పాత్‌తో ఫైల్ పేరు అని మూడు వస్తాయి. టైటిల్ అంటే ఫైల్ ప్రాపర్టీలలో మీరు రాసినది, ఫైల్ పేరు కాదు. ఇక్కడ ఫుటర్ పేజ్ స్టైల్‌కు (పేరు పెట్టి దాచుకునే పేజీ అమరికల కట్టకు) చెందుతుంది. ఒక షీట్‌లో మార్చితే అదే స్టైల్ వాడే షీట్లన్నిటిలోనూ మారుతుంది. ఒక్క షీట్‌కే వేరుగా కావాలంటే దానికి కొత్త స్టైల్ ఇవ్వాలి.

గూగుల్ షీట్స్‌లో కంట్రోల్+పి నొక్కితే, ప్రింట్ సెట్టింగులలో హెడర్స్ అండ్ ఫుటర్స్ కింద ఫైల్ శీర్షిక, షీట్ పేరు, తేదీ, సమయం, పేజీ నంబర్లు ఉంటాయి. ఫోల్డర్ పాత్ మాత్రం అందులో లేదు, కావాలంటే కస్టమ్ ఫీల్డ్‌లో చేత్తో రాసుకోవాలి.