శ్రావణికి, సైన్స్ ఫెయిర్ ముందు

బిడ్డా శ్రావణీ,

4294967297 మీద చార్టు వేసుకుని హన్మకొండ సైన్స్ ఫెయిర్‌కు వస్తున్నావని మీ బాపు ఫోన్‌లో చెప్పాడు. సంతోషంతో రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి టెన్షన్ మొదలైంది, అందుకే ఈ ఉత్తరం.

అంకెలు దూరానికి కనపడేలా రాయి. 429 కోట్ల 49 లక్షల 67 వేల 297 అని తడుముకోకుండా చదవడం అలవాటు చేసుకో.

నా భయమంతా ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా దగ్గరే. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు 2లను గుణించి 1 కలిపితే వచ్చే 3, 5, 17, 257, 65537 ఐదూ ప్రధాన సంఖ్యలే కదా. 1640లో ఆయన ఈ వరుసంతా అంతేనని నమ్మాడు. నిరూపణ దొరకలేదని తన ఉత్తరాల్లో తానే ఒప్పుకున్నాడు, నమ్మకం మాత్రం వదల్లేదు. ఆరోది నీ సంఖ్య: ముప్పైరెండు 2లను గుణించి 1 కలిపితే వచ్చేది. 1732లో ఆయిలర్ అనే గణితవేత్త దాన్ని 641తో భాగించి చూపించాడు. శేషం సున్నా, భాగఫలం 6700417.

641 ఎలా దొరికిందని జడ్జీలు తప్పకుండా అడుగుతారు. ఈ సంఖ్యకు ప్రధాన కారణాంకం ఏదున్నా, 64తో భాగిస్తే 1 మిగలాలి. అలాంటి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. ఐదో భాగహారంలోనే దొరికిపోతుంది! ఈ దారికి ఆధారమైన సిద్ధాంతం ఫెర్మాదే, అదీ 1640లో చెప్పిందే. చేతిలో పనిముట్టు ఉండి కూడా ఆ ఐదు లెక్కలు దాటలేకపోయాడే అనుకుంటే నాకిప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

పరకాల స్కూల్లో పదో తరగతికి ఒక లెక్క ఇచ్చేవాణ్ణి. ఏదైనా సంఖ్య తీసుకుని, దానికి దాని వర్గాన్నీ 41నీ కలపాలి. ప్రధాన సంఖ్యలే వస్తుంటే, కాసేపటికి పిల్లలు "అన్నీ అంతే సార్" అని పెన్నులు కింద పెట్టేవారు. మీ బాపు ఒక్కడే తల ఎత్తకుండా 40 దాకా రాసి, 1681 అంటే 41 ఇంటూ 41 అని లేచి నిలబడ్డాడు. ఆ ఓపిక నీకూ ఉంది, నాకు తెలుసు. కాబట్టి "ఐదు సరిపోయాయి, మిగతావీ అంతే" అనే మాట నీ నోట రాకూడదు.

ఫెర్మా వరుసలో ఏడో సంఖ్యకు ఇరవై అంకెలు. ఎక్సెల్‌ను నమ్మకు, పదిహేను అంకెల తర్వాత సున్నాలు పెట్టేస్తుంది. చేత్తోనే గుణించి రాయి.

పన్నెండు దాకా మేలుకుంటున్నావట. కళ్లు పాడుచేసుకుంటే ఊరుకోను. ఇంత తిని బస్సెక్కు తల్లీ, ఖాళీ కడుపుతో నిలబడితే తెలిసింది కూడా గుర్తురాదు.

చార్టు మడవకు, చుట్టి పాత చీరగుడ్డతో కట్టు. బస్టాండులో నేనుంటా. ఆ ఐదు భాగహారాల కాగితం పైన పెట్టుకో, ముందు అదే చూస్తా.

నీ పెద్దబాపు