ప్రతిజ్ఞ చెప్పని విద్యార్థిని శిక్షించవచ్చా?

ప్రశ్న: మా ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు ఉదయం ప్రార్థనలో అందరితోపాటు వరుసలో నిలబడతాడు గానీ ప్రతిజ్ఞ చెప్పడు. కారణం అడిగితే, ‘ఒకసారి మాట ఇచ్చాక రోజూ ఇవ్వడం ఎందుకు మేడమ్?’ అంటాడు. టీసీ ఇచ్చి పంపేయాలని ఒకరిద్దరు సహోపాధ్యాయులు పట్టుబడుతున్నారు. ఏం చేయమంటారు?
— ఒక ఉపాధ్యాయురాలు, సూర్యాపేట

జవాబు: బడిలో ప్రతిజ్ఞ చెప్పించే ఆనవాయితీ కొనసాగాలనే నా అభిప్రాయం. కానీ చెప్పనివాణ్ణి శిక్షించడం తగదు; టీసీ మాట అసలే ఎత్తకండి.

1985లో కేరళలో యెహోవా సాక్షుల శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు, తమ మతవిశ్వాసం ఒప్పుకోదంటూ, జాతీయగీతానికి మర్యాదగా లేచి నిలబడ్డారే తప్ప గొంతు కలపలేదు. పాఠశాల వారిని బహిష్కరించింది. హైకోర్టులోనూ ఊరట దొరకలేదు. 1986లో సుప్రీంకోర్టు తరఫున తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి, పాడనంతమాత్రాన గీతాన్ని అవమానించినట్లు కాదని, ఆ బహిష్కరణ రాజ్యాంగంలోని 19, 25 అధికరణాలు ఇచ్చిన హక్కులకు విరుద్ధమని తేల్చారు. జాతీయగీతం విషయంలోనే అలా ఉంటే, జాతీయ గౌరవానికి భంగం కలిగించేవారిని శిక్షించే 1971 నాటి చట్టంలో ప్రస్తావనే లేని ప్రతిజ్ఞ కోసం ఒక పిల్లవాడి చదువు ఆపడానికి ఆధారమెక్కడిది? మీ విద్యార్థి అభ్యంతరం మతానికి సంబంధించినది కాదని మీ సహోద్యోగులు వాదించవచ్చు. అయినా అతను అడిగింది ప్రశ్న, చేసింది అల్లరి కాదు.

ఇక ప్రతిజ్ఞ సంగతి. దాన్ని రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు మీ పొరుగునే, నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టినవారు. 1962లో, చైనాతో యుద్ధం జరిగిన ఏడాది, విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉంటూ తెలుగులో రాశారు. తెన్నేటి విశ్వనాథం చొరవతో అది నాటి విద్యామంత్రి పి.వి.జి. రాజు దృష్టికి వెళ్లింది; 1965 జనవరి 26 నుంచి దేశమంతటా పాఠశాలల్లోకి వచ్చింది. యుద్ధకాలంలో రాసినా అందులో శత్రువు పేరు గానీ ఆయుధం ఊసు గానీ పాలకుల స్తుతి గానీ లేకపోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగిస్తుంది. దేశ వారసత్వం గర్వకారణమని చెప్పి ఊరుకోకుండా, దానికి అర్హత పొందడానికి కృషి చేస్తానని అనిపిస్తుంది. పెద్దలను గౌరవిస్తానని, ప్రతివారితోనూ మర్యాదగా నడచుకొంటానని అనిపిస్తుంది. ఇవి ఒకసారి చెప్పి వదిలేసే మాటలు కావు కాబట్టే రోజూ చెప్పిస్తారని అతనికి జవాబివ్వవచ్చు.

అయితే, ‘భారతీయులందరు నా సహోదరులు’ అని ఉదయం చెప్పించి, మధ్యాహ్న భోజనం వేళ పిల్లలు కులాలవారీగా విడివిడిగా కూర్చుంటే చూసీ చూడనట్లు పోయే బడిలో ఆ జవాబు నిలవదు. కుడిచేయి చాచి అప్పజెప్పించడంతో సరిపెట్టక, తెలుగు లేదా సాంఘికశాస్త్రం పీరియడ్లో ఒక్కో వాక్యం తీసుకుని చర్చించండి. మొదట అతన్నే మాట్లాడనివ్వండి. తర్వాత కూడా మౌనంగానే నిలబడతానంటే నిలబడనివ్వండి.

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడి బడిలో రోజూ అమెరికా జెండాకు విధేయత ప్రకటించాలి. మేమింకా భారత పౌరులమే. వద్దనే హక్కు మాకు ఉందా?
— ఒక తండ్రి, డల్లాస్

జవాబు: ఉంది. విద్యార్థులచేత బలవంతంగా ఆ ప్రతిజ్ఞ చెప్పించరాదని అమెరికా సుప్రీంకోర్టు 1943లోనే, అదీ ప్రపంచయుద్ధం నడుస్తుండగా, తీర్పు ఇచ్చింది. టెక్సస్ చట్టం రాష్ట్ర పతాకానికి కూడా ప్రతిజ్ఞ చెప్పమంటుంది గానీ, తల్లిదండ్రులు రాతపూర్వకంగా కోరితే రెండింటి నుంచీ మినహాయింపు ఇస్తుంది. ఉత్తరం రాసే ముందు మీ అమ్మాయి అభిప్రాయం కనుక్కోండి; స్నేహితుల మధ్య ఒంటరిగా మౌనం పాటించవలసింది ఆమె గానీ మీరు కాదు.