12 మైళ్లు దాటితే వేట నిషేధం వర్తించదా?

ప్రశ్న: విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మాకో మరబోటు ఉంది. మే నెలలో వేటకెళ్లి తిరిగొస్తే మత్స్యశాఖ వాళ్లు జెట్టీలోనే బోటు ఆపి, చేపలు స్వాధీనం చేసుకుని నోటీసిచ్చారు. మేం వేటాడింది పూడిమడక వైపు, హార్బర్‌కు 18 మైళ్ల దూరంలో. 12 మైళ్లు దాటితే కేంద్రానిదే అధికారం, రాష్ట్రానికి సంబంధం లేదంటున్నారు. హైకోర్టుకు వెళితే గెలుస్తామా?

జవాబు: మీకు చెప్పినవాళ్లు సగమే చెప్పారు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో చేపల వేట రెండు చోట్ల ఉంది. రాష్ట్ర జాబితాలో 21వ అంశం మత్స్య పరిశ్రమ. ప్రాదేశిక జలాలకు అవతలి వేట కేంద్ర జాబితాలో 57వ అంశం. ఆ జలాల హద్దు 12 నాటికల్ మైళ్లని 1976 నాటి కేంద్ర చట్టం చెబుతోంది. అంటే సుమారు 22 కిలోమీటర్లు. రాష్ట్రం 1994లో తెచ్చిన సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం బలం ఆ గీత లోపలే.

అయితే గీత దాటినంత మాత్రాన నిషేధం పోదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో వేట ఆపాలని, 12 మైళ్ల అవతలి జలాలకు కేంద్ర మత్స్యశాఖ కూడా ఉత్తర్వులిస్తుంది. మినహాయింపు మోటారు లేని సంప్రదాయ పడవలకే. ‘మేం 12 మైళ్లు దాటాం’ అని జవాబు రాస్తే, కేంద్ర నిషేధాన్ని మీరామని మీ చేత్తో మీరే రాసిచ్చినట్టు. దయచేసి వకీలుకు చూపించకుండా ఆ ముక్క రాయకండి.

ఈ హద్దు వాదనకు బలం లేదనను. తమిళనాడులో పర్స్‌సీన్ వలల (చేపల గుంపును చుట్టి పట్టే పెద్ద వలలు) నిషేధం కేసులో 2023 జనవరి 24న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. 12 మైళ్ల అవతల సోమ, గురువారాల్లో, ఉదయం 8 నుంచి సాయంత్రం 6 దాకా, ట్రాకింగ్ పరికరం ఆన్‌లో ఉంచాలన్న షరతుతో వేటకు అనుమతించింది. అక్కడ గొడవ వల రకం మీద. మీ కేసులో అసలు వేట కాలమే నిషిద్ధం.

ఇక మీ 18 మైళ్ల సంగతి. కొలవాల్సింది హార్బర్ నుంచి కాదు, తీరంలోని బేస్‌లైన్ (తీరం వెంబడి కొలతకు ఆధారంగా ఖరారు చేసిన గీత) నుంచి. పూడిమడక వైపు తీరం వెంబడే పోతే, హార్బర్‌కు 18 మైళ్లయినా ఒడ్డుకు అయిదారు మైళ్లే ఉండొచ్చు. సరంగు (బోటు నడిపేవాడు) నోటిమాట మీద కాకుండా, వల వేసిన చోటి అక్షాంశ రేఖాంశాలు చార్టులో పెట్టి చూడండి. 12 మైళ్ల లోపల తేలితే హద్దు వాదన అక్కడితో సరి.

ముందుగా నోటీసులో పేర్కొన్న సెక్షన్, జవాబుకిచ్చిన గడువు చూడండి. పంచనామా నకలు అడగండి. అందులో చేపల రకం, బరువు విడివిడిగా ఉండాలి. ‘మిశ్రమ చేపలు’ అని ఒక్క ముక్కలో రాస్తే తర్వాత ధర తేల్చలేం. చేపలు వేలం వేసి ఉంటే ఆ సొమ్ము తీర్పు దాకా డిపాజిట్‌లో ఉంచమని లిఖితపూర్వకంగా కోరండి.

హైకోర్టులో 226 అధికరణం కింద రిట్ వేయొచ్చు గానీ, అప్పీలు దారి ఉండగా నేరుగా వెళితే సాధారణంగా వెనక్కి పంపుతారు. కేంద్ర ఉత్తర్వునే సవాలు చేసేటట్టయితే, రాష్ట్రంతోపాటు భారత ప్రభుత్వాన్ని కేంద్ర మత్స్యశాఖ కార్యదర్శి ద్వారా ప్రతివాదిగా చేర్చాలి. చేర్చకపోతే పిటిషన్ ఆ లోపంతోనే ఆగిపోతుంది.

బోటు వెళ్లిన దారిని నమోదు చేసే జీపీఎస్ ప్లాటర్ మెమరీ నిండితే పాత దారి చెరిగిపోతుంది. ఆ రికార్డు ఇవాళే కాపీ తీయించండి. కోర్టులో పెట్టేటప్పుడు కొత్త సాక్ష్య చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63(4) కింద సర్టిఫికెట్ జతచేయాలి.