పదో తరగతి లెక్కల్లో గట్టెక్కాలంటే ఏ అలవాట్లు కావాలి?

క్లాసులో సార్ బోర్డు మీద చేస్తుంటే అర్థమవుతోంది, ఇంటికొచ్చాక చెయ్యి కదలట్లేదు, ఏం చేయాలని అడిగారు. నేను దేవరకొండలో ట్యూషన్ చెప్తుంటాను, మా దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామందిది ఇదే బాధ. చూసి అర్థం చేసుకోవడం వేరు, నోట్సు మూసేసి తెల్ల కాగితం మీద అదే లెక్క మళ్లీ చేయడం వేరు, అందుకే ఆ రోజు చెప్పినవాటిలో కనీసం మూడు లెక్కలు ఆ రాత్రే చేయండి, ఆదివారానికి దాచకండి. గైడు చూసి దించితే చేతిరాత తప్ప ఇంకేం బాగుపడదు.

ఇంకోటి, పదో తరగతిలో పోయే మార్కులు ఎక్కువగా కింది తరగతుల తప్పులవల్లే పోతాయి. మొన్న ఒకడు (3+4)² అంటే 9+16, అంటే 25 అని రాశాడు. ముందు కూడితే 7, దాని వర్గం 49, మరి మిగతా 24 ఎటుపోయింది? 2×3×4 మర్చిపోయాడు. ఇలాంటివి చిన్న నోటుబుక్కులో రాసి పెట్టుకోండి, పరీక్ష ముందు రోజు అదే తిరగేయండి. స్టెప్పులు ఎగరగొట్టకండి, జవాబు తప్పినా వాటికి మార్కులుంటాయి. డౌటొస్తే "రాలేదు సార్" అని కాదు, "ఈ మూడో స్టెప్పు ఎట్లా వచ్చింది సార్" అని అడగండి.